సిస్టర్ లియోనార్దా ఓడ ఎక్కని ఏడు

శ్రీరస్తు. మనుష్యునకు వాక్కును ప్రసాదించి, దానిని సత్యమందు నిలుపుకొను భారమును కూడ అతనిమీదనే ఉంచిన పరదేవతకు నమస్కరించి, విశ్వావసు నామ సంవత్సర శ్రావణ బహుళ విదియ, సోమవారంనాడు, జంషెడ్‌పూరు అగ్రికోలో మా తమ్ముని ఇంట, వీధివైపు గదిలో కూర్చొని ఈ ప్రకరణం వ్రాయ మొదలుపెట్టుచున్నాను.

మొన్న శుక్రవారం ఇంట వరలక్ష్మీ వ్రతం. తమ్ముని కోడలు పార్వతి కలశం ముందు కూర్చొని తోరాలకు ముడులు వేస్తున్నది. బూరెలు వేగిన వాసన వీధి గేటుదాకా పోతున్నది. ఆ వేళకు బూడిదరంగు చీర కట్టి, మెడలో చిన్న శిలువ వేసుకొన్న ఒక యువతి గేటు దగ్గర నిలబడి నా పేరు అడిగింది. పార్వతి కూతురు పింకీకి తెలుగు అర్థమవుతుంది గాని నోటికి హిందీయే వస్తుంది. "దాదీ, ఆప్‌సే మిల్‌నే కోయీ సిస్టర్ ఆయీ హైఁ" అని చెప్పింది. లోపలినుండి పార్వతి, "సిస్టరేటి, వ్రతంపూట? పెద్దత్తా, మోకాలు నొప్పెడతందని నర్సుని గాని పిలిసీసినారేటి?" అన్నది. నేను ఎవరినీ పిలువలేదు. కాని ఆ మెడలోని శిలువను చూడగానే, ఇన్నేళ్లకు ఎవరో నన్ను పిలువ వచ్చారని మాత్రం నాకు తెలిసింది.

ఆ వచ్చినామె పేరు సిస్టర్ సుషమ. సిమ్డేగా వైపు పల్లెపిల్ల. నర్సు చదువు చదివి సన్యాసం పుచ్చుకొన్నది. మరి రెండు మాసాలలో ఆఫ్రికాకు పోయి అక్కడి పల్లెలలో రోగులకు సేవ చేయవలసియున్నదట. పోయే ముందు ఆమె మఠంవారు ఆమెకు ఒక పని అప్పగించారు. పూర్వం సముద్రాలు దాటి ఈ ప్రాంతానికి వచ్చి ఆసుపత్రులు నడిపిన సిస్టర్ల చరిత్రను పుస్తకంగా కూర్చడం ఆ పని. ఆమె సంచిలోనుండి ఒక కాగితం తీసి హిందీలో చదివింది. దాని భావమిది: తుంటి వ్యాధితో మంచాన పడిన ఒక తెలుగు బాలికను విడిచి పోలేక, సిస్టర్ లియోనార్దా తన కన్నతల్లిని చూచుటకై లభించిన స్వదేశయాత్రను స్వచ్ఛందంగా త్యజించినది. "ఆ బాలిక మీరే కదా?" అని సుషమ అడిగింది. "మా మఠం మదర్ మీ సంతకం తీసుకొని రమ్మన్నారు. చవితి పండుగలోపల ప్రెస్సుకు పంపాలి."

పార్వతి తడిచేతులు కొంగుకు తుడుచుకొంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "సూసినావేటే పింకీ, మీ దాదీ కోసం ఒక దొరసాని తల్లిని కూడా సూడ్డానికి ఎల్లకండా ఉండిపోనాదట" అన్నది. పింకీ తన ఫోను దించి, నా వంక మొదటిసారి చూస్తున్నట్లు చూచింది. నా చేతిలో కలం ఉన్నది. "స్వచ్ఛందంగా" అన్న మాట మీద వేలు ఉంచి చాలసేపు కూర్చొన్నాను. తరువాత దాని కింద సంతకం చేశాను. సిస్టర్ సుషమ రెండు బూరెలు తిని, నా పాదాలకు నమస్కరించి వెళ్లిపోయింది. ఆ వాక్యంలో తుంటి వ్యాధి నిజం, బాలిక నిజం, ఓడ ఎక్కకపోవడం నిజం. తక్కినది నిజం కాదు. నిజమైనదానిని ఇప్పుడు వ్రాస్తున్నాను.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మేము టాటానగర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. తమ్ముని పురిటిలోనే మా అమ్మ పోయింది. నాన్న గూడ్సు ఆఫీసులో గుమాస్తా. మమ్మల్ని పెంచుటకు చీపురుపల్లి దగ్గరి పల్లెనుండి నాన్నమ్మ వచ్చింది. తనతో ఒక ఇత్తడి చెంబును, చోళ్ల (రాగుల) మూటను, ఆ పల్లె భాషను తెచ్చుకొన్నది. మా క్వార్టర్లలో ఉదయమంతా ఇంజన్ల కూతలు, బొగ్గుపొయ్యిల పొగ. నాన్నమ్మ తెల్లవారకముందే లేచి చోడి అంబలి కాచి, అందులో ఉల్లిపాయ నలిపి, అందరికీ గిన్నెలలో పోసేది. ఒకనాడు నేను గిన్నె అందుకొనుటకు నడిచి రావడం చూచి, "గుంట కుంటతందిరా" అని నాన్నతో అన్నది. ఆమె భాషలో గుంట అంటే ఆడపిల్ల. నాన్న పట్టించుకొనలేదు. నెల తిరిగేసరికి రాత్రిళ్లు తుంటిలో పోటు, మాపటికి జ్వరం. నాన్నమ్మ ఆముదం కాచి రుద్దింది, జిల్లేడాకు కట్టింది, ఊళ్లోని అమ్మవారికి కోడిపుంజును మొక్కుకొన్నది. చివరకు నాన్న నన్ను రిక్షాలో కూర్చోబెట్టి ఊరి అంచున సిస్టర్లు నడిపే ఆసుపత్రికి తీసుకొనిపోయినాడు. దాని పేరు ఇక్కడ వ్రాయను. అక్కడి వైద్యుడు ఒక బెంగాలీ. నన్ను బల్లమీద పడుకోబెట్టి, కాలు చాచి, అరికాలివైపునుండి మడమమీద పిడికిలితో ఒక్కటి కొట్టినాడు. తుంటిలో పిడుగు పడినట్లయి గట్టిగా కేక వేశాను. "ఎముకకు క్షయ" అన్నాడాయన. "ఈ దెబ్బకు నొప్పి కలుగనినాడు జబ్బు తగ్గినట్లు. అంతవరకు కదలరాదు."

కదలరాదు అంటే ఏమిటో నాకు మరునాడు తెలిసింది. రొమ్ము కిందనుండి ఒక కాలి చీలమండవరకు, రెండవ కాలి మోకాలివరకు, తడిపిన సున్నపుగుడ్డలు చుట్టి కట్టు వేశారు. మోకాళ్ల నడుమ ఒక కర్రముక్కను అడ్డంగా పెట్టి దానిని కూడ ఆ కట్టులో కలిపివేశారు. తడిగా ఉన్నంతసేపు అది చల్లగా ఉండినది. ఆరుతున్నప్పుడు వెచ్చబడి, ఆ వెచ్చదనం ఒంటిచుట్టూ బిగిసి, కొంతసేపటికి రాయి అయినది. తల, చేతులు మాత్రమే నావి. తక్కిన శరీరం మంచానికి చెందినది. బోర్లా తిప్పవలెనంటే నలుగురు రావలె. ఒకరు "ఏక్, దో" అనవలె. కట్టు లోపల చీమ పాకితే దానిని బయటకు తీయువారు లేరు. నా మంచానికెదురుగా గోడమీద తేమ దిగిన మరక ఒకటి ఉండేది. ఆ మరకలో నేను చూడని ఆకారం లేదు. ఏనుగు, పడవ, మా అమ్మ చెవి. ఏడుపు వచ్చినప్పుడు కన్నీళ్లు చెవులలోకి పోయేవి. ఎంత తుడుచుకొన్నా చెవులు తడిగానే ఉండేవి. ఇప్పటికీ స్నానంలో చెవులలోకి నీరు పోతే నా ఊపిరి ఒక్కక్షణం ఆగుతుంది.

ఆ వార్డును చూచే సిస్టర్ లియోనార్దాకు అప్పుడు నలభై ఏళ్లుండవచ్చు. పొడుగాటి మనిషి, తెల్లని అంగీ, గంజిపెట్టిన ముసుగు, ముసుగు అంచున నుదుటిమీద ఎప్పుడూ ఎర్రని ఒరపిడి గీత. ఉదయం ప్రార్థన గంట మోగిన తరువాత ఆమె చెక్కజోళ్ల చప్పుడు వరండాలో వినబడేది. ప్రతి మంచం దగ్గర ఆగి నాడి చూచేది. నా దగ్గర మాత్రం వంగి, కట్టు అంచున ముక్కు పెట్టి దీర్ఘంగా వాసన చూచేది. లోపల పుండు పడితే కంటికి కనబడదు, వాసన ముందు చెబుతుందని తరువాత వివరించింది. మొదటిరోజున అది చూచి నాన్నమ్మ, "ఏటి సేత్తన్నాదిది? గుంటని పనసకాయలాగ వాసన సూత్తన్నాదేటి?" అన్నది. కార్బాలిక్ ద్రావకం, ఉడికించిన దుప్పట్లు, ఎండలో ఆరే సున్నం, వీటన్నిటికంటె ఎక్కువగా నాకు ఇప్పటికీ జ్ఞాపకమున్నది ఆమె ముసుగుకు పెట్టిన గంజివాసన. అది మా అమ్మ చీరకు పెట్టే గంజివాసనవంటిదే. ఈ మాటను ఆమెకు నేనెన్నడూ చెప్పలేదు.

వార్డులో అందరూ హిందీ, బెంగాలీ, సంతాలీ మాటాడేవారు. నాకు తెలుగే వచ్చును. సిస్టరుకు హిందీ వచ్చును గాని, నాకోసమని తెలుగు నేర్చుకొన పూనుకొన్నది. గురువులు ఇద్దరం, నేనూ నాన్నమ్మా. అందువలన ఆమెకు వచ్చిన తెలుగు మా పల్లె తెలుగు. హాలండు దేశపు గొంతుకతో, "ఏటి గుంటా, తిన్నావేటి? ఎందుకు తిననేదు? ఉండు, నానొత్తన్నాను" అని ఆమె అంటుంటే పక్క మంచాలవారు కూడ నవ్వేవారు. నాన్నమ్మ మాత్రం నవ్వేది కాదు. అది సరియైన భాషయే అని ఆమె అభిప్రాయం. "సూడు, నాలుగు నెల్లకి ఎంత సక్కగ మాటాడతందో. నీ తమ్ముడికి రెండేళ్లు పట్టినాది" అనేది. నాన్నమ్మకు ఆమెతో ఉన్న పేచీ ఒక్కటే. రోజూ కేరియరులో తెచ్చిన అంబలిని ఆమెకు కూడ ఒక గిన్నెలో పోసి ఇచ్చేది. సిస్టర్లు బయటివారి ఎదుట ఏమీ తినరాదని వారికి నియమం. ఆమె గిన్నె అందుకొని, నమస్కరించి, లోపలికి తీసుకొనిపోయేది. "లోపలికెల్లి పారబోత్తన్నావేటి?" అని నాన్నమ్మ ఒకనాడు నిలదీసింది. "నేదమ్మా, తాగతన్నాను. ఉల్లిపాయ ఎక్కువెయ్యి" అన్నది సిస్టరు. మరునాటినుండి నాన్నమ్మ ఆమె గిన్నెలో రెండు ఉల్లిపాయలు వేసింది.

ఆదివారాలు నాన్న వచ్చేవాడు. ఆయన చదువు పట్టాలు లేని చదువు. చిన్నతనంలో విజయనగరంలో ఒక పండితుని అరుగుమీద కూర్చొని, వినికిడితోనే వందలకొలది పద్యాలు పట్టుకొన్నవాడు. నోరు తెరిస్తే పల్లె మాట, పద్యమెత్తితే ప్రౌఢకావ్యం. రెండింటి నడుమ ఆయనకు ఏ గోడా లేదు. నా మంచం పక్క స్టూలుమీద కూర్చొని పద్యం చదివి, పదాలు విడదీసి, ఏ మాట ఏ మాటతో కూడినదో చెప్పించేవాడు. "కదల్నేకపోతే ఏటి, నాలికైతే కదులుతాది కదా" అనేవాడు. నేను తరువాత ముప్పైయేళ్లు రైల్వే పాఠశాలలో తెలుగు చెప్పుకొని బ్రతికినది ఆ స్టూలు పుణ్యమే. సిస్టరు కూడ అప్పుడప్పుడు చేతిలో గుడ్డపట్టీలు చుట్టుకొంటూ నిలబడి వినేది. అర్థమేమిటని అడిగేది కాదు. సముద్రం మీద గాలి ఇట్లే చప్పుడు చేస్తుందని ఒకసారి అన్నది.

ఆ కాలపు సిస్టర్ల జీవనక్రమం నేటివారికి నమ్మశక్యం కాదు. వారు దేశం విడిచి బయలుదేరిననాడే తిరిగిరామని తల్లిదండ్రులకు చెప్పి వచ్చేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరును కూడ అక్కడనే విడిచి వచ్చేవారు. ఇంటినుండి వచ్చే ఉత్తరాలను మొదట పెద్ద సిస్టరు విప్పి చదివేది. ఉపవాసకాలాలలో ఉత్తరాలు ఇచ్చేవారే కాదు. ఫోటోలు ఉంచుకొనరాదు. ఆ ఏడు మఠం పెద్దలనుండి ఒక సడలింపు వచ్చింది. చాలకాలం పనిచేసినవారు వరుసగా ఒక్కొక్కరు, ఒక్కసారి ఇంటికి పోయి రావచ్చును. మార్గశిరంలో బొంబాయినుండి బయలుదేరే ఓడలో మా ఆసుపత్రికి ఒక్క చోటు దొరికింది. వరుసలో మొదటి పేరు సిస్టర్ లియోనార్దాది. అయితే పెద్ద సిస్టరు ఒక నిబంధన పెట్టింది. ఇటువంటి కట్టు ఉన్న రోగిని చూచుకొను శిక్షణ లియోనార్దాకే ఉన్నది గనుక, కార్తీకంలో నా కట్టు విప్పినప్పుడు జబ్బు తగ్గియుంటే ఆమె పోవచ్చును. తగ్గకపోతే ఆ చోటు రెండవ పేరువారికి పోతుంది. లియోనార్దా పేరు వరుస చివరకు చేరుతుంది.

ఈ సంగతిని సిస్టరే నాకు చెప్పింది. అంతవరకు ఆమె తన ఇంటిమాట ఎత్తగా నేనెరుగను. ఆనాడు నా తల దువ్వుతూ, వాళ్ల ఊరు సముద్రంకంటె పల్లంలో ఉన్నదనీ, కట్టలు పోసి నీటిని ఆపుకొంటారనీ, ఇంటికి ఎదురుగా ఆవులదొడ్డి ఉన్నదనీ చెప్పింది. వాళ్ల ఇంటి తలుపు అడ్డంగా రెండు ముక్కలట. పై ముక్క తెరిచి, కింది ముక్క మూసి, దానిమీద మోచేతులు ఆన్చి వాళ్లమ్మ దారివైపు చూస్తూ నిలబడేదట. "ఇప్పుడు మాయమ్మకి డెబ్బైఆరు. కళ్లు కనబడవు. కాని సెక్కజోళ్ల సప్పుడైతే నానే అని తెలుస్తాది" అన్నది. దువ్వెన నా జుట్టులోనే నిలిచిపోయింది. ఆమె గొంతులో అటువంటి సంతోషాన్ని నేను ఎన్నడూ వినలేదు. నాకు ఆ తలుపుమీద, ఆ ముసలామెమీద, ఆ ఆవులమీద ఎక్కడలేని ద్వేషం కలిగింది.

ఆ సాయంకాలం ఉక్కు కార్ఖానాలో కరిగిన లోహపు మడ్డి పారబోసే వేళ; కిటికీలోని ఆకాశం ఎర్రబడింది. నాన్నమ్మ కేరియరు కడుక్కొంటున్నది.

"నాన్నమ్మా, సిస్టరు మళ్లీ వత్తాదా?"

"ఎక్కడికెల్తందే?"

"ఆళ్లమ్మ దగ్గిరకి."

నాన్నమ్మ చెంబు బోర్లించి, "తల్లిని సూసినాక ఎనక్కి ఎవులొత్తారే పిచ్చిదానా" అన్నది. "నానైతే రాను. ఆ తల్లి ఒగ్గుతాదేటి? తలుపేసీయదూ? నువ్వేటి బెంగెట్టుకోకు, నీకు కట్టిప్పీసినాక ఆవిడితో పనేటి?"

ఆమెకు ఆ మాటలో ఏ బరువూ లేదు. కేరియరు మూత బిగించి ఇంటికి పోయింది. ఆ మాటతో నేను కార్తీకం వచ్చేవరకు ఒంటరిగా పడుకొన్నాను. ఒక తల్లి నా కాలు కదలుచుండగానే పోయింది. ఈమె నా కాలు విప్పగానే పోతుంది. కట్టు ఉన్నంతవరకే ఈమె నాది. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. నేనే మరకవైపు చూస్తూ కట్టుకొన్నాను.

కార్తీకంలో ఒక ఉదయం కత్తెరవంటి పనిముట్టుతో కట్టును నిలువునా కోశారు. లోపలినుండి బయటపడిన కాలు నాదని నేను నమ్మలేదు. సన్నగా, చేప పొలుసువలె తోలు లేచి, కర్రపుల్లవలె ఉన్నది. సిస్టరు గోరువెచ్చని నూనెతో దానిని తుడిచింది. వైద్యుడు ఎక్సరే పటాన్ని కిటికీకెత్తి చూచి, మసకగా ఉన్నది, చెప్పలేము అన్నాడు. ఆపైన అరికాలివైపు వచ్చి, మడమ పట్టుకొని, పిడికిలితో కొట్టినాడు.

ఏమీ లేదు. తలుపు తట్టినట్లు మాత్రమే ఉన్నది. నేను సిస్టరు ముఖం వైపు చూచాను. నా ముఖం చూచి ఆమె అప్పటికే నవ్వ మొదలుపెట్టింది.

"నొప్పి" అన్నాను.

వైద్యుడు మరల కొట్టినాడు. "నొప్పి" అని ఈసారి కేక కూడ వేశాను. మొదటినాటి కేక ఎట్లుండినదో నాకు బాగా జ్ఞాపకమున్నది. దానినే మరల వేశాను. ఆయన పటాన్ని ఇంకొకసారి చూచి, తల ఆడించి, ఇంకా నాలుగు మాసాలు అన్నాడు. సిస్టరు నవ్వు ఎట్లు పోయినదో నేను చూడలేదు. కళ్లు మూసుకొన్నాను. కళ్లు తెరిచేసరికి ఆమె బకెట్టులో వేడినీళ్లు పోసి గుడ్డలను ముంచుతున్నది. "పరవానేదు తల్లీ, భయపడకు. నానున్నాను" అన్నది. ఆ చేతులు ఎప్పటివలెనే నెమ్మదిగా, ఎక్కడా ముడత పడకుండ, చుట్టు తరువాత చుట్టు వేశాయి. కర్రముక్కను మోకాళ్ల నడుమ పెట్టినది ఆమెయే. కట్టు వెచ్చబడింది, బిగిసింది, రాయి అయినది. నేను కోరుకొన్నది నాకు దొరికింది. అది ఆరిపోయే లోపలనే నేను చేసినదేమిటో నాకు తెలిసింది. కాని అప్పుడు నోరు విప్పితే దానిని మరల కోయవలె, వైద్యుడు కోపగించును, నాన్న తల దించుకొనును, అన్నిటికంటె ముందు ఆమె నన్ను చూచును. ఆ చూపును నేను పడలేను అనుకొన్నాను.

మార్గశిరంలో రెండవ పేరు గల సిస్టరు బొంబాయి బండి ఎక్కింది. టాటానగర్ స్టేషనుకు పోయి వీడ్కోలు చెప్పి వచ్చినవారిలో లియోనార్దా కూడ ఉన్నది. వచ్చి, అంగీకి అంటిన బొగ్గునుసి దులుపుకొని, కట్టు అంచున ముక్కు పెట్టి వాసన చూచి, "బాగుంది" అన్నది. ఆమెలో ఏ మార్పూ లేదు. నాన్నమ్మతో, "ఆరు సంవత్సరాలకి నా వంతు మళ్లీ వత్తాది" అన్నది. "మీయమ్మ అంతదాకా ఉంటాదేటి?" అని నాన్నమ్మ మొగమాటం లేకుండ అడిగింది. సిస్టరు కిటికీ రెక్క గాలికి కొట్టుకొనకుండ కొక్కెం తగిలించింది.

మాఘంలో ఒక ఉదయం చెక్కజోళ్ల చప్పుడు ఆలస్యంగా వినబడింది. ఆమె ఎప్పటివలెనే వరుసగా అన్ని మంచాలూ చూచుకొంటూ నా దగ్గరకు వచ్చింది, వంగింది, వాసన చూచింది. లేచి నిలబడి, నా మంచం ఇనుపకడ్డీమీద చేయి ఉంచి, "మాయమ్మ పోనాది తల్లీ" అన్నది. మా పల్లెలో చావు కబురు చెప్పేటప్పుడు ఎట్లంటారో సరిగా అట్లే అన్నది. ఆ మాటను ఆమెకు నేర్పినదాననూ నేనే. మా అమ్మ సంగతి ఆమెకు ఒకప్పుడు అట్లే చెప్పియుంటిని. నాకు అటు తిరిగి పడుకొనవలెనని ఉన్నది. తిరుగుటకు నలుగురు కావలె. దుప్పటిలో దూరవలెనని ఉన్నది. కట్టు ఎత్తుకు దుప్పటి ముఖందాకా రాదు. ఆమె కళ్లకు ఎదురుగా, అడుగు దూరంలో, వెల్లకిలా పడియుండి, ఆమెనే చూస్తూ ఉండిపోయాను. చెవులు తడిసినవి. ఆమె తన రుమాలుతో ముందు నా చెవులు తుడిచింది.

మధ్యాహ్నం నాన్నమ్మ వచ్చి సంగతి విన్నది. కేరియరు నేలమీద పెట్టి, సిస్టరు చేయి పట్టుకొని, వార్డు మధ్యలో చతికిలబడి, మా పల్లె పద్ధతిలో రాగం తీసి ఏడువ మొదలుపెట్టింది. కళ్లు కనబడని తల్లి, తలుపుమీద మోచేతులు ఆన్చిన తల్లి, కూతురి జోళ్ల చప్పుడుకోసం చెవి ఒగ్గిన తల్లి అని ఒక్కొక్కటే చెప్పి ఏడ్చింది. అవన్నీ ఆమెకు నావలననే తెలిసినవి. మరి ఇద్దరు సిస్టర్లు పరుగెత్తుకొని వచ్చి వారింపబోయారు. లియోనార్దా చేతితో వద్దని సైగచేసి, ఆ తెల్లని అంగీతోనే నాన్నమ్మ పక్క నేలమీద కూర్చొన్నది. ఆమె ఏడ్చినట్లు నాకు జ్ఞాపకం లేదు. నాన్నమ్మ కొంతసేపటికి ఆగి, ముక్కు చీది, "ఎవులైనా ఏడవాలి కదమ్మా. ఇక్కడ మీవోళ్లు ఎవులున్నారు" అన్నది. తరువాత కేరియరు విప్పి అంబలి పోసింది. సిస్టరు ఆనాడు ఆ గిన్నెను లోపలికి తీసుకొనిపోలేదు. అందరి ఎదుట, నేలమీద కూర్చొని, అక్కడనే తాగింది. నియమం తప్పినందుకు ఆమెకు ఏమి శిక్ష వేశారో నాకు తెలియదు.

ఫాల్గుణంలో కట్టు విప్పారు. మడమమీద కొట్టినప్పుడు నొప్పి లేదన్నాను. అప్పుడు సిస్టరు నవ్వినది. అది సంపూర్ణమైన నవ్వే. అందులో ఏ లోపమూ నాకు కనబడలేదు. అదనంగా ఉన్న ఆ నాలుగు మాసాలలో మోకాలు బిగుసుకొనిపోయినదని వైద్యుడు చెప్పినాడు. ఈనాటికీ నేను కుంటుతూ నడిచేది తుంటివలన కాదు, ఆ మోకాలివలన. అందుకు నాకు ఫిర్యాదు లేదు. ఆ తరువాత పదకొండేళ్లు సిస్టరు ఆ ఆసుపత్రిలోనే ఉన్నది. ప్రతి కార్తీకంలో నేను పోయి చూచి వచ్చేదానను. ప్రతిసారి చెప్పవలెనని పోయి, ప్రతిసారి చెప్పక వచ్చేదానను. ఆమె వంతు వచ్చినప్పుడు ఒకసారి దేశం పోయింది. ఆరు మాసాలుండవలసినది, రెండు మాసాలకే తిరిగి వచ్చింది. ఎందుకని అడిగితే, "తలుపు మార్చీసినారు. ఒకటే ముక్క" అన్నది. ఆ తరువాత గుమ్లావైపు అడవిపల్లెలకు ఆమెను మార్చారు. అక్కడనే పోయి, అక్కడనే మట్టిలో కలిసింది. నాకు కబురు ఎనిమిది మాసాల తరువాత తెలిసింది.

ఇప్పటి సిస్టర్లది వేరు కాలం. సుషమ ఆదివారం ఆదివారం తల్లితో ఫోనులో ముఖం చూచుకొంటూ మాటాడుతుందట. ఆఫ్రికాకు పోయినా మూడేళ్లకొకసారి వచ్చి పల్లెలో ఉండి పోవచ్చునట. సముద్రంకంటె పల్లంలోని దేశాలనుండి ఇక ఎవరూ ఇటు రారు. సిమ్డేగా, గుమ్లా పల్లెల పిల్లలే ఇప్పుడు అటు పోతున్నారు. మా పింకీని ఎవరైనా కదలవద్దని ఒక పూట పడుకోబెడితే, చేతిలో లోకమంతా పట్టే ఫోను ఉన్నది. గోడమీది మరక అవసరం ఉండదు. ఇది మేలే. ఒక మనిషి తన తల్లిదగ్గరకు పోవడం ఒక చిన్నపిల్ల నోటిమాటమీద ఆధారపడిన కాలం పోవడం మేలే. కాని ఆ కాలంలో నేను చెప్పిన ఒక్క మాట ఇంకా పోలేదు. దానిని ఇప్పుడు త్యాగమని పేరు పెట్టి పుస్తకంలోకి ఎక్కిస్తున్నారు. ఆమె ఏమీ త్యజించలేదు. ఆమె పోవలెనని కోరుకొన్నది. దువ్వెన నా జుట్టులో నిలిచిపోయేటంతగా కోరుకొన్నది. ఆమె కోరికను దాచి, దానిమీద పుణ్యమనే సున్నం వేసి బిగించిన సంతకం నాది.

సుషమ ఇచ్చిపోయిన కాగితంలో ఆమె ఫోను నంబరున్నది. పింకీని అడిగితే క్షణంలో కలిపి ఇచ్చును. కాని ఈ ఇంట మాటలకు గోడలు అడ్డం కావు. పార్వతి వింటుంది, పింకీ వింటుంది. అందుచేత కాగితంమీద పెడుతున్నాను. వ్రాయడానికి నేననుకొన్నదానికంటె ఎక్కువ రోజులు పట్టినవి. ఒక రోజు మోకాలు, ఒక రోజు వాన, ఒక రోజు ఏ కారణమూ లేదు. చవితి వచ్చి పోయింది.

భాద్రపద శుద్ధ దశమి, మంగళవారం. పై కాగితాలను హిందీలో తిరగవ్రాసుకొని, పార్వతిని తోడు తీసుకొని, ఆటోలో వాళ్ల మఠానికి వెళ్లి సిస్టర్ సుషమ చేతికిచ్చాను. ఆమె నిలబడియే మొత్తం చదివింది. పుస్తకం చవితికి ముందే అచ్చయినదని చెప్పి ఒక ప్రతి నాకిచ్చింది. ఆ వాక్యం అందులో ఉన్నది. దాని కింద నా పేరున్నది.